మాలపల్లి వైపు నడిచిన ప్లీడరు

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఫిరంగిపురం గురించి తెలియని క్రైస్తవుడు ఈ ప్రాంతంలో ఉండడు. అక్కడి పెద్ద గుడిని దూరం నుంచైనా చూడనివారు తక్కువ. ఆ ఫిరంగిపురానికి దగ్గర్లోనే వేములూరుపాడు అనే ఊరు ఉంది. అప్పట్లో అది సత్తెనపల్లి తాలూకాలోది. 1877 డిసెంబరు 4న ఆ ఊళ్ళో ఒక బ్రాహ్మణ కుటుంబంలో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. ఆయనే ఉన్నవ లక్ష్మీనారాయణ. వృత్తికి ప్లీడరు, తరువాత బారిస్టరు. కాంగ్రెసు నాయకుడు, జైలు ఖైదీ, రచయిత. పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో పేరు వినబడినా, మాలపల్లి నవల పేరు ఎత్తినా ముందుగా గుర్తుకు వచ్చే మనిషి ఆయనే.

ఆయన క్రైస్తవుడు కాడు. హిందువుగా పుట్టి, హిందువుగానే జీవించాడు. అయినా ఆయన జీవితాన్ని మన సంఘాలు తెలుసుకోవాలని ఈ వారం ఈ పుటలో రాస్తున్నాం. మన సంఘాల్లో చాలా వాటికి పుట్టిల్లు పల్లె. మన తాతముత్తాతలు ఉన్న ఆ పల్లెలోకి ఊరి నుంచి నడిచివచ్చి, అక్కడి మనుషులను పేరుపేరునా పలకరించి, వాళ్ళ కథను పుస్తకంగా రాసిన పెద్దమనిషి ఎవరో మనకు తెలియకపోతే ఎలా?

లక్ష్మీనారాయణ గారు 1897లో గుంటూరులో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. 1903లో గుంటూరులో ప్లీడరుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో జిల్లా కేంద్రంలో ప్లీడరు అంటే ఎలాంటి హోదానో ఇప్పటివారికి ఊహకు అందదు. భూమి తగాదాలు, అప్పు దస్తావేజులు, వారసత్వపు వ్యాజ్యాలు చేతినిండా ఉండేవి. పల్లెటూళ్ళ నుంచి రైతులు బండ్లు కట్టుకుని వచ్చి ప్లీడరు గారి అరుగు మీద కూర్చునేవారు. మాట నేర్పు, కాస్త ఇంగ్లీషు ఉన్నవాడికి మేడ కట్టుకోవటం, పొలాలు కొనుక్కోవటం కష్టం కాదు. మునిసిపాలిటీలో, జిల్లా బోర్డులో కుర్చీ కూడా దొరికేది. ఆ దారిన వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. దానిలో తప్పేమీ లేదు. కానీ లక్ష్మీనారాయణ గారి మనసు కోర్టు ఆవరణ దాటి పోతూ ఉండేది.

ప్లీడరు కాకముందే ఆయన తోటి యువకులతో కలిసి 1900లో గుంటూరులో యంగ్ మెన్స్ లిటరరీ అసోసియేషన్ నెలకొల్పడంలో పాలుపంచుకున్నారు. చదువుకున్న కుర్రవాళ్ళు కూడి పుస్తకాలు చదవటానికి, లోకం సంగతులు మాట్లాడుకోవటానికి అది ఒక చోటు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచనకు ప్రాణం పోసిన గుంటూరు యువకుల్లో ఆయన ఒకరు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరగటం వెనుక ఇలాంటివారి శ్రమ ఉంది. నలభై ఏళ్ళ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు చూడటానికి ఆయన బతికే ఉన్నారు.

అయితే ఆయన మొదటి పెద్ద పోరాటం ప్రభుత్వంతో కాదు, సొంత కులంతో, సొంత వీధితో. ఆ కాలంలో పై కులాల్లో ఆడపిల్లలకు పసితనంలోనే పెళ్ళి చేసేవారు. భర్త ముఖం సరిగా గుర్తులేని వయసులోనే ఆ పిల్ల విధవ అయితే ఇక ఆమె బతుకు వంటింటి చీకట్లోనే తెల్లవారేది. శుభకార్యానికి పనికిరాదు, ఎదురు రాకూడదు, మళ్ళీ పెళ్ళి ఊసే ఎత్తకూడదు. వితంతు వివాహం చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం కాగితం మీద ఉంది, వధువు ఇంటి గడప లోపల ఉంది. ఆ గడప దాటించటానికి కందుకూరి వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన అడుగుజాడల్లో లక్ష్మీనారాయణ గారు 1902లో గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. వీరేశలింగం గారిని గుంటూరు పిలిపించి ఇద్దరు వితంతువులకు పెళ్ళిళ్ళు చేయించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వేదిక మీద నిలబడి సంస్కరణ గురించి ఉపన్యసించటం సులభం. అభాగ్యురాలైన ఒక ఆడపిల్లకు తలుపు తీసి, అన్నం పెట్టి, చదువు చెప్పి, పెళ్ళి చేసి పంపటం వేరు. దానికి ఇల్లు కావాలి, డబ్బు కావాలి, అన్నిటికంటే ముందు భార్య సహకారం కావాలి. ఆయన భార్య ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు ఈ పనిలో ఆయనకు సగం కాదు, సమానం. శరణాలయానికి వచ్చిన పిల్లలను దగ్గరకు తీసుకున్నది ఆమె. తరువాత స్వాతంత్ర్య ఉద్యమంలో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళిందీ ఆమె. ఈ దంపతుల కథలో ఒకరి పేరు చెప్పి రెండో పేరు వదిలేస్తే అది సగం కథే.

ప్లీడరుగా స్థిరపడిన తరువాత లక్ష్మీనారాయణ గారు సముద్రం దాటి ఐర్లండు వెళ్ళారు. డబ్లిన్‌లో బారిస్టరు చదువు చదివారు. అప్పటికి ఐర్లండు కూడా మన దేశంలాగే ఇంగ్లీషు పాలన కింద ఉంది. ఆ దేశపు రైతులు కూడా కౌలుకు, పన్నుకు, కరువుకు నలిగినవారే. 1916లో ఈస్టర్ పండుగ మరునాడు డబ్లిన్ వీధుల్లో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేశారు. దాన్ని అణచివేసి నాయకులను కాల్చి చంపారు. అక్కడి ఉద్యమ నాయకుడు డి వలేరాతో ఉన్నవ గారికి పరిచయం కలిగింది. న్యాయశాస్త్రం చదువుకోవటానికి వెళ్ళిన మనిషి, చట్టం ఎవరి చేతిలో ఉంటే వారి పక్షాన మాట్లాడుతుందన్న చేదు సంగతి కూడా అక్కడ చూశారు. తిరిగి వచ్చేసరికి రష్యాలో 1917 విప్లవం వార్తలు లోకమంతా పాకుతున్నాయి. కూలివాడికి, పాలేరుకు కూడా ఒక రోజు వస్తుందన్న ఆశ ఆయనలో బలపడింది.

1920 డిసెంబరులో నాగపూరు కాంగ్రెసు సహాయ నిరాకరణ తీర్మానాన్ని ఖాయం చేసింది. కోర్టులను విడిచిపెట్టాలని గాంధీగారు ప్లీడర్లకు పిలుపునిచ్చారు. మద్రాసులో పెద్ద ప్రాక్టీసు ఉన్న టంగుటూరి ప్రకాశం గారు దాన్ని వదులుకున్నారు. గుంటూరులో ఉన్నవ గారు కూడా ఆ బాటే పట్టారు. సముద్రం దాటి తెచ్చుకున్న బారిస్టరు పట్టా ఇక సంపాదనకు పనికిరాదు. చదువుకోవటానికి ఎంత ఖర్చయిందో, దానితో ఎంత సంపాదించవచ్చో తెలిసిన మనిషి తెలిసే దాన్ని పక్కన పెట్టాడు. మనం దేవుని పనికి ఇచ్చే కానుకను లెక్క చూసుకునే వేళ ఈ లెక్కను కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అప్పుడే పల్నాడు పిలిచింది. మాచర్ల, గురజాల ప్రాంతాల్లో అడవిని ఆనుకుని ఉన్న ఊళ్ళకు పశువే ఆస్తి. వర్షం మొహం చాటేస్తే పంట ఉండదు, గొడ్డూ గోదా ఉంటేనే ఇల్లు నిలుస్తుంది. మేతకు, వంటచెరకుకు, నాగలి కొయ్యకు, పొలం కంచెకు అడవే ఆధారం. తాతల నాటి నుంచి ఆ అడవిలో పశువులను మేపుకున్నారు. మద్రాసు ప్రభుత్వం 1882లో అటవీ చట్టం చేసి అడవులను రిజర్వు చేస్తూ వచ్చింది. పశువును అడవిలోకి తోలాలంటే పన్ను కట్టాలి. దాని పేరే పుల్లరి. కట్టకపోతే పశువులను బందెలదొడ్డికి తోలుకుపోతారు. విడిపించుకోవటానికి మళ్ళీ జరిమానా. మధ్యలో అటవీ సిబ్బంది వేధింపులు, మామూళ్ళు. చట్టం ఏం చెప్పిందో చదవలేని రైతుకు అర్థమైంది ఒక్కటే, నిన్నటివరకు తనదైన గడ్డి ఇవాళ సర్కారుదైంది.

1921లో పల్నాటి ప్రజలు ఎదురు తిరిగారు. పుల్లరి కట్టకుండానే పశువులను అడవిలోకి తోలారు. ఊరికి వచ్చిన అధికారులను వెలివేశారు. వారికి ఇల్లు చూపేవారు లేరు, సరుకులు అమ్మేవారు లేరు, బట్టలు ఉతికేవారు లేరు. ఈ ఉద్యమం కట్టుతప్పి కొట్లాటగా మారకుండా చూడటానికి, ప్రజలకు ధైర్యం చెప్పటానికి కాంగ్రెసు తరఫున ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు గారు పల్నాడు వచ్చారు. ప్రభుత్వం ఇద్దరినీ పట్టుకుని జైలుకు పంపింది. కోర్టులను బహిష్కరించిన సత్యాగ్రహులు కోర్టులో తమ తరఫున వాదించుకోకూడదన్నది అప్పటి నియమం. ఇన్నేళ్ళు ఇతరుల కోసం వాదించిన నోరు తన కోసం మూసుకోవాలి. అది ప్లీడరుకు చిన్న పరీక్ష కాదు.

నాయకులు జైలుపాలైనా ఉద్యమం ఆగలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు. పల్నాటి పిల్లలు ఈనాటికీ ఆయన పేరు పాఠంలో చదువుకుంటున్నారు. ఆ పేరు పక్కన, ముందే జైలుకు వెళ్ళిన ఆ ప్లీడరు పేరు కూడా చెప్పటం న్యాయం.

రాయవెల్లూరు జైలు ఉన్నవ గారికి ఏడాది విశ్రాంతి ఇవ్వలేదు. అక్కడే ఆయన మాలపల్లి నవల రాశారు. దానికి సంగవిజయం అనే పేరు కూడా ఉంది. అప్పటిదాకా తెలుగు నవలలో నాయకుడంటే రాజు, జమీందారు, లేదంటే చదువుకున్న పట్నపు కుర్రాడు. ఈయన మాలపల్లెలోని ఒక ఇంటిని తీసుకున్నారు. రామదాసు అనే పెద్దాయన, ఆయన కొడుకులు, ఆయన ఇంటి చుట్టూ ఉన్న పాలేళ్ళు, కూలీలు. చిన్న కొడుకు సంగదాసు చదువుకున్నవాడు, మంచివాడు. ఊరి ఆసామి చౌదరయ్య కొడుకు రామానాయుడితో అతనికి స్నేహం. కూలివాళ్ళ పక్షాన నిలబడినందుకు చౌదరయ్య కోపానికి గురై, ఆయన చేతి దెబ్బకే సంగదాసు చనిపోతాడు. అన్న వెంకటదాసు న్యాయం దొరకదని తెలుసుకుని అడవి బాట పట్టి, ఉన్నవారిని దోచి లేనివారికి పంచే తిరుగుబాటుదారు అవుతాడు. తండ్రి రామదాసు పగ పట్టడు, నమ్మకం వదలడు. ఒకే ఇంట్లో మూడు దారులు. ఏ దారి సరైనదో రచయిత తీర్పు చెప్పినట్టు రాయలేదు. ముగ్గురి బాధనూ మన ముందు పెట్టారు.

ఆ పుస్తకం భాష కూడా ఒక సాహసమే. పండితులు గ్రాంథికం కోసం పట్టుబడుతున్న రోజుల్లో ఆయన గుంటూరు జిల్లా పల్లెల మాటను, పొలం గట్టు మీద మాట్లాడే మాటను అచ్చులోకి తెచ్చారు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దానికి పీఠిక రాశారు. 1922లో పుస్తకం వెలువడింది. కూలివాళ్ళను రెచ్చగొడుతుందని భయపడిన ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తరువాత కొన్ని భాగాలు తీసేసి ఒకసారి అనుమతించినా మళ్ళీ అడ్డుపెట్టింది. 1937లో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని దానికి పూర్తి స్వేచ్ఛ రాలేదు. పదిహేనేళ్ళపాటు ఒక సర్కారును కలవరపెట్టింది, పల్లెలోని ఒక పేద కుటుంబం కథ.

జైలు నుంచి వచ్చిన ఆయన మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కి పోయిన సంపాదనను రాబట్టుకోలేదు. 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. ఆడపిల్లలకు, ముఖ్యంగా ఆదరణ లేని స్త్రీలకు, చదువు, చేతిపని నేర్పే సంస్థ అది. దాని బరువు ఎక్కువగా లక్ష్మీబాయమ్మ గారి భుజాల మీద పడింది. ఇద్దరూ దాన్నే తమ ఇల్లుగా చేసుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో, 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో ఆయన మళ్ళీ జైలుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. పల్నాటి వీరచరిత్రలోని నాగమ్మను ముఖ్యపాత్రగా చేసి నాయకురాలు అనే నాటకం కూడా రాశారు. 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ జీవితాన్ని చదివాక మనకు కొన్ని ప్రశ్నలు మిగులుతాయి.

పల్నాడుకు సువార్త వచ్చిన కథ మనకు తెలుసు. 1842లో గుంటూరు చేరిన అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు తరువాత గురజాలలో ఉండి పనిచేశారు. ఊరివాళ్ళు దూరం పెట్టిన మాలపల్లెలో, మాదిగపల్లెలో బడి పెట్టారు, గుడి కట్టారు. ఉన్నవ గారు పుట్టేనాటికే మన పెద్దలు కొందరు అక్షరాలు దిద్దుతున్నారు. అంటే అంటరానితనం అనే గోడకు రెండు వైపుల నుంచి దెబ్బ పడింది. పల్లెలోని మనిషి లేచి నిలబడి, నేనూ దేవుని బిడ్డనే అన్నాడు. ఊరిలోని మనిషి ఒకరు తన అరుగు దిగి వచ్చి, ఇది మా పాపం అన్నాడు. ఇద్దరి దారులు వేరు. ఉన్నవ గారు తన సమాజం లోపలే మార్పు రావాలని కోరుకున్నారు. మన పెద్దలు కొత్త విశ్వాసంలో గౌరవం వెతుక్కున్నారు. దారి వేరైనందుకు ఆయన చేసిన మేలును తక్కువ చేయనక్కరలేదు. గాయపడి దారిలో పడి ఉన్నవాణ్ణి మోసుకుపోయిన సమరయుడి కథ చెప్పినప్పుడు మన ప్రభువు, ఆ మేలు చేసిన మనిషిని శ్రోతల సొంత జాతి నుంచి తీసుకోలేదు కదా.

పల్నాడుకు ఇంకా పాత జ్ఞాపకం ఒకటుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని, మాల కులంలో పుట్టిన కన్నమదాసు ఆయన సైన్యానికి నాయకుడయ్యాడని కారంపూడిలో, మాచర్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి మాట అది. చాప పరిచిన నేల మీదే మళ్ళీ రెండు గ్లాసులు ఎలా వచ్చాయి? ఆ ప్రశ్న ఊరికి ఉంది. మనకూ ఉంది. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చునే మనం పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి ఏ కులం అని అడుగుతున్నామా లేదా? ఒకే పల్నాడులో ఇది వారి సంఘం, అది వీరి సంఘం అని పేరు పెట్టుకుంటున్నామా లేదా? శ్మశానంలో కూడా హద్దులు గీసుకున్న చోట్లు లేవా? పైకి ఎక్కిన మన బిడ్డలు, పట్నంలో ఉద్యోగం వచ్చాక, తాము వచ్చిన పల్లె పేరు దాచుకుంటున్నారంటే ఆ తప్పు ఎవరిది?

ఒక ప్లీడరుకు పల్లెతో ఏ అవసరమూ లేదు. ఓట్ల కోసం వెళ్ళాడనడానికి ఆ రోజుల్లో పల్లెకు ఓటే లేదు. ఫీజు కోసం అనడానికి వారి దగ్గర డబ్బు లేదు. అయినా వెళ్ళాడు. వెళ్ళి జైలు తెచ్చుకున్నాడు, సంపాదన పోగొట్టుకున్నాడు, పుస్తకం మీద నిషేధం తెచ్చుకున్నాడు. మనలో ఇవాళ లాయర్లు ఉన్నారు, డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు ఉన్నారు. సర్పంచులు, కౌన్సిలర్లు ఉన్నారు. దేవుడు మనకిచ్చిన చదువు మన కుటుంబం మేడ కట్టుకోవటానికేనా, లేక కోర్టు మెట్లు ఎక్కలేని ఒక విధవరాలి భూమి కాగితం చదివి పెట్టటానికి కూడానా? విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను వారి కష్టంలో పరామర్శించడమే కల్మషం లేని భక్తి అని మన పరిశుద్ధ గ్రంథం బోధిస్తున్నప్పుడు, ఆ పనిని 1902లో ఒక హైందవ దంపతులు తమ ఇంట్లో చేసి చూపించారని విని మనం సిగ్గుపడినా పరవాలేదు, ఊరుకోకూడదు.

ప్రతి సంఘంలోనూ చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. సంఘంలోని లాయరు నెలకు ఒక ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కూర్చుంటే, పట్టా పాసుపుస్తకం, పింఛను, కుటుంబ తగాదా లాంటి చిక్కులున్న పేదవారికి దారి దొరుకుతుంది. స్త్రీల సమాజం తమ వీధిలో ఒంటరిగా ఉన్న విధవరాండ్ర పేర్లు రాసుకుని, వంతులవారీగా వెళ్ళి పలకరిస్తే ఆ ఇంటికి వెలుగు వస్తుంది. యౌవనస్థుల కూడికలో మాలపల్లి నవలను నాలుగు వారాలు కలిసి చదివి చర్చించుకోవచ్చు. పల్లెలోని వృద్ధులను అడిగి, మొదటి బడి ఎవరి ఇంటి ముందు మొదలైందో, మొదట అక్షరం నేర్చినవారు ఎవరో రాసిపెట్టుకోవచ్చు. ఉన్నవ గారు బయటినుంచి వచ్చి మన కథ రాశారు. లోపలివారు రాయవలసింది ఇంకా చాలా ఉంది, ఆ కథ తెలిసిన వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు.